లాము పాత ఊరు చూడటం ఎలా? ఆటుపోట్లను బట్టి మూడు రోజుల ప్లాన్

లాము వెళ్లాలనుకుంటే విమానం టికెట్ కంటే ముందు పంచాంగం తీసి చూడండి. ముహూర్తం కోసం కాదు, తిథి కోసం. కెన్యా ఉత్తర తీరంలో ఉన్న ఆ చిన్న దీవిలో ఏ పూట ఎటు వెళ్లగలం, ఏ దారి నీళ్లలో మునిగి ఉంటుంది, ఏ పడవ బురదలో ఆగిపోతుంది అన్నది సముద్రపు ఆటుపోట్లే తేలుస్తాయి. నైరోబీలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను అక్కడికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి చేతిలో లిస్టు పట్టుకుని కోట అయిపోయింది, మ్యూజియం అయిపోయింది అని టిక్కులు పెట్టుకుంటూ తిరిగి, సగం ఊరు చూడకుండానే వచ్చేశాను. తర్వాత రెండుసార్లు ఆ ఊరి టైముకి నేను సర్దుకున్నాను. ఆ రెండు ప్రయాణాల్లో నేర్చుకున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు రెండు ముక్కల్లో ఊరి గురించి. తూర్పు ఆఫ్రికా తీరంలో స్వాహిలి ప్రజలు కట్టుకున్న పట్టణాల్లో చాలావాటికి ఇప్పుడు గోడలే మిగిలాయి. కిల్వాకి వెళ్లినా, గెడికి వెళ్లినా చూసేది శిథిలాలే. లాములో మాత్రం 700 ఏళ్లకు పైగా మనుషులు ఊరు ఖాళీ చేయకుండా బతుకుతున్నారు, అవే సందుల్లో పిల్లలు బడికి వెళ్తారు, అవే అరుగుల మీద ముసలివాళ్లు కూర్చుంటారు. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత ఊరి సందుల్లో కార్లు తిరగవు, బరువులన్నీ గాడిదల మీదే వెళ్తాయి.

మొదటి పని: నెల, ఆ తర్వాత తిథి

ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పెద్ద వానలు, జూన్‌లోనూ తగ్గీ తగ్గకుండా ఉంటాయి, కాబట్టి ఆ మూడు నెలలు వదిలేయండి. జులై నుంచి మార్చి దాకా ఎప్పుడైనా బాగుంటుంది. డిసెంబర్ నుంచి మార్చి వరకు ఈశాన్యం నుంచి వీచే గాలిని అక్కడ కస్కాజి అంటారు. వందల ఏళ్ల పాటు అరేబియా నుంచీ గుజరాత్ నుంచీ తెరచాప ఓడల్ని ఆ తీరానికి తోలుకొచ్చింది ఆ గాలే. ఏప్రిల్ తర్వాత దిక్కు మారి కూసి గాలి మొదలైతే ఆ ఓడలు తిరుగుముఖం పట్టేవి. రంజాన్ నెలలో పగలు హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, ఊరంతా రాత్రిపూట మేలుకుంటుంది, అది ఒక రకం అందం, కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకు కష్టం. రబీ ఉల్ అవ్వల్ నెలలో ప్రవక్త జన్మదిన ఉత్సవాలకు తూర్పు ఆఫ్రికా నలుమూలల నుంచీ జనం వస్తారు, అప్పుడు వెళ్లాలంటే గది చాలా ముందే మాట్లాడుకోవాలి. నవంబర్ ప్రాంతంలో జరిగే సాంస్కృతిక ఉత్సవంలో గాడిదల పందెం, పడవల పందెం ఉంటాయి.

ఇక తిథి. పౌర్ణమికి, అమావాస్యకి అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు పెద్దగా ఉంటుంది. ఆ రోజుల్లో లాము దగ్గర సుమారుగా ఉదయం 10, 11 గంటలకు నీళ్లు బాగా వెనక్కి పోయి, సాయంత్రం 4, 5 గంటలకు నిండుగా ఉంటాయి. అష్టమి ప్రాంతంలో తలకిందులు: పోటు చిన్నదే గానీ, ఉదయం 10, 11 గంటలకే నీళ్లు నిండుగా ఉంటాయి. మధ్య రోజుల్లో ఈ సమయం రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. ఖచ్చితమైన సమయాలకు ఫోన్‌లో టైడ్ టేబుల్ చూసుకోండి, లేదా రేవులో ఏ పడవ మనిషిని అడిగినా చూడకుండానే చెప్తాడు. నా సలహా ఏమిటంటే, రెండో రోజు చూసే తక్వా శిథిలాలకు పడవలో మధ్యాహ్నం వెళ్లడానికి వీలు కాబట్టి పౌర్ణమికి గానీ అమావాస్యకి గానీ దగ్గరగా పెట్టుకోండి. పౌర్ణమి అయితే సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు వెన్నెల కూడా ఉంటుంది.

కాగితాలు, సూదులు, సంచులు

ఇది త్వరగా ముగిద్దాం. 2024 జనవరి నుంచి కెన్యాలో వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి వచ్చింది. భారతీయులు దాన్ని ప్రయాణానికి ముందే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తీసుకోవాలి. వెతికేటప్పుడు ఎక్కువ డబ్బు గుంజే నకిలీ సైట్లు కూడా పైన కనిపిస్తాయి, జాగ్రత్త.

ఎల్లో ఫీవర్ టీకా విషయం మాత్రం చాలామంది తేలిగ్గా తీసుకుని తిరిగొచ్చేటప్పుడు ఇబ్బంది పడతారు. కెన్యా నుంచి మన దేశానికి వచ్చేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, కాబట్టి కనీసం నెల ముందే మీ ఊళ్లో ఎక్కడ, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కోండి. తీరంలో మలేరియా ఉంది, మాత్రల గురించి డాక్టర్‌ను అడగండి.

కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. మనకి చెప్పులూ పచ్చళ్లూ కవర్లలో చుట్టే అలవాటు కదా, ఈసారి గుడ్డ సంచులు వాడండి.

చేరుకోవడం

లాముకి రోడ్డు దారి ఉంది. మొంబాసా నుంచి బస్సులో వచ్చి ప్రధాన భూభాగం మీద ఉన్న మొకోవె రేవులో పడవ ఎక్కుతారు. కానీ నేను ఆ దారి వద్దంటాను. సోమాలియా సరిహద్దుకు దగ్గరగా ఉండటం వల్ల లాము జిల్లా ప్రధాన భూభాగంలో 2014 నుంచి తీవ్రవాదుల దాడులు జరుగుతూ వచ్చాయి, ఆ రోడ్డు మీద కూడా జరిగాయి. దీవి వాతావరణం వేరు, అక్కడ ప్రశాంతంగా ఉంటుంది. బుక్ చేసే ముందు ఆ వారం పరిస్థితి ఏమిటో వార్తల్లో చూసుకోండి, వెళ్తే విమానంలోనే వెళ్లండి.

నైరోబీలో రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. మనం ఇండియా నుంచి దిగేది జోమో కెన్యాట్టాలో. లాముకి వెళ్లే చిన్న విమానాలు చాలావరకు విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరతాయి. రెండింటి మధ్య నైరోబీ ట్రాఫిక్ ఉంది, అది ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం, కాబట్టి టికెట్ మీద ఎయిర్‌పోర్టు పేరు చదివి, మధ్యలో కనీసం నాలుగైదు గంటలు పెట్టుకోండి, లేదా ఒక రాత్రి నైరోబీలో ఆగండి. చిన్న విమానాల్లో సామాను 15 కిలోలే అంటారు, మెత్తటి బ్యాగు అయితే మంచిది. చక్రాల సూట్‌కేసు లాము సందుల్లో ఎలాగూ పనికిరాదు.

విమానం దిగేది లాములో కాదు, ఎదురుగా ఉన్న మండా దీవిలో. రన్‌వే నుంచి రేవు దాకా నడిచి పడవ ఎక్కితే పది పదిహేను నిమిషాల్లో లాము. ఈ దాటడంలో పడవ ముందు భాగంలో కూర్చోండి. ఊరు తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి ఉదయం విమానంలో వస్తే ఎండ నేరుగా తెల్లటి ఇళ్ల మీద పడుతుంది, నీటి ఒడ్డున వరసగా స్తంభాల వరండాలున్న మేడలు కనిపిస్తాయి. ఆ వరండాల్లో 19వ శతాబ్దంలో వచ్చిన గుజరాతీ వ్యాపారుల ఇళ్ల పోలిక కనిపిస్తుంది. ఊరి ఫోటో తీయాలంటే అదే సరైన సమయం, మధ్యాహ్నం దాటితే ఒడ్డంతా నీడ.

ఎక్కడ దిగాలి

పాత ఊళ్లోనే, అదీ ఎంకొమానీ అనే ఉత్తరపు పేటలో, మేడ మీద కూర్చునే చోటున్న ఇంట్లో దిగండి. చాలామంది బీచ్ కోసం నేరుగా దీవిలోనే దక్షిణాన ఉన్న షేలా అనే ఊరికి వెళ్లిపోయి, లాముని ఒక పూట చూసేసి పోతారు. ఊరు అందంగా ఉండేదే తెల్లవారుజామున, రాత్రి భోజనాల తర్వాత. ఆ రెండు పూటలూ షేలాలో ఉండి పోగొట్టుకోకండి. తెల్లవారుజామున చుట్టూ ఇరవైకి పైగా మసీదుల నుంచి అజాన్ ఒకదాని వెనక ఒకటి మొదలవుతుంది, నిద్ర లేస్తారు. లేచి మేడ మీదకు వెళ్లండి.

గడియారం, పలకరింపు

ఇది రాకపోతే పడవ తప్పిపోతుంది కాబట్టి శ్రద్ధగా చదవండి. స్వాహిలిలో రోజు అర్ధరాత్రి మొదలవదు, పొద్దు పొడవగానే మొదలవుతుంది. మన ఉదయం 7 గంటలు వాళ్లకు ఒకటో గంట, దాన్ని "సా మోజా" అంటారు. మధ్యాహ్నం 12 అంటే "సా సీతా", ఆరో గంట. మన పెద్దలు సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టినట్టే. పడవ అతను "సా తాతు" అంటే అది మూడు గంటలు కాదు, ఉదయం తొమ్మిది. ఏ ఏర్పాటు చేసుకున్నా అది స్వాహిలి టైమా, మన టైమా అని రెండుసార్లు అడగండి.

పలకరింపు లేకుండా పని మాట్లాడటం అక్కడ మర్యాద కాదు. పెద్దవాళ్లు కనిపిస్తే "షికామో" అనండి. మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని మూలార్థమని చెప్తారు, మన "కాళ్లకు దండం" లాంటిదే. వాళ్లు "మరహబా" అని దీవిస్తారు. నేను మొదటి ప్రయాణంలో "హలో" అంటూ తిరిగాను, రెండోసారి షికామో అనడం మొదలుపెట్టాక మనుషుల ముఖాల్లో వచ్చిన తేడా ఇప్పటికీ గుర్తుంది. "అసంతె" అంటే థాంక్స్, వద్దనడానికి "హపానా అసంతె". ఇంటి గుమ్మం దగ్గర "హోది" అని పిలిచి, లోపలి నుంచి "కరిబు" వినిపించాకే అడుగు పెట్టాలి. ఉర్దూ మాటలు చెవినపడే తెలంగాణ వాళ్లకు ఇంకా సులువు: కితాబు, హెసాబు, దవా, తయారి, దునియా, బీమా, రంగి, ఇవన్నీ స్వాహిలిలోనూ దాదాపు అదే అర్థంలో ఉన్నాయి. లక్షని కూడా "లాకి" అంటారు.

బట్టల విషయంలో ఆడవాళ్లయినా మగవాళ్లయినా భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మన చుడీదార్, కాటన్ ప్యాంటు చక్కగా సరిపోతాయి. ఆడవాళ్ల ఫోటోలు అడగకుండా తీయకండి, అడిగినా వద్దంటే పట్టుపట్టకండి.

మొదటి రోజు ఉదయం: ఇంటిని చదవడం

దిగిన మర్నాడు ఉదయం ఆరున్నరకే బయల్దేరండి. రేవు నుంచి మొదలుపెట్టి కోట ముందున్న ఖాళీ జాగాకి రండి, చెట్ల కింద బల్లలు ఉంటాయి, పక్కనే కూరగాయల మార్కెట్. కోట చూసే ముందు దాని కథ తెలుసుకోవాలి. 1812 ప్రాంతంలో పటె దీవి వాళ్లు, మొంబాసా పాలకులు కలిసి లాము మీదకు దండెత్తి షేలా ఒడ్డున దిగారు. లాము వాళ్లు ఎదురు తిరిగారు, పారిపోదామని పడవల దగ్గరకు వచ్చిన శత్రువులకు ఆటు వచ్చి పడవలు ఇసుకలో కూర్చుండిపోయి కనిపించాయని అక్కడ చెప్పుకుంటారు. గెలిచినా, మళ్లీ వస్తారన్న భయంతో లాము పెద్దలు ఒమాన్ పాలకుడు సయ్యిద్ సయీద్ సాయం కోరారు. ఆయన సైన్యాన్ని పంపాడు, 1821కి కోట పూర్తయింది, లాము స్వాతంత్ర్యం కూడా దానితోనే పోయింది. అప్పట్లో కోట నీటి ఒడ్డునే ఉండేది, ముందున్న నేలంతా తర్వాత సముద్రాన్ని పూడ్చగా వచ్చిందే. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి 1984 దాకా అది జైలు. కోట తెరిచాక పైకెక్కి బురుజు మీద నుంచి ఊరి కప్పులు చూడండి, అరగంట చాలు.

కోట పక్క నుంచి పోయే ప్రధాన వీధి పేరు ఎంజియా కూ, అంటే పెద్ద దారి. పేరుకే పెద్దది, ఎదురుగా బరువు మోసే గాడిద వస్తే గోడకు ఆనుకుని నిలబడాలి. ఆ వీధి పట్టుకుని ఉత్తరానికి నడుస్తూ, ఎడమ చేతి వైపు సందుల్లోకి తిరగండి. తప్పిపోతామని టెన్షన్ వద్దు. ఊరు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఏ సందులో ఉన్నా పల్లానికి నడిస్తే ఒడ్డుకు వస్తారు. ఇంకో గుర్తు కూడా ఉంది. లాము నుంచి మక్కా దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. మసీదు గోడలోంచి బయటకు పొడుచుకొచ్చిన చిన్న గూడు లాంటి భాగం మిహ్రాబ్, అది మక్కా వైపే ఉంటుంది, కాబట్టి అది ఎటు ఉంటే అటే ఉత్తరం. ఫోన్ జేబులో పెట్టేసి ఈ రెండు గుర్తులతో గంట తిరగండి.

ఇప్పుడు ఇళ్లు. గోడలు పగడపు రాయి, సున్నం. మన దగ్గర గుల్లసున్నం కాల్చినట్టే అక్కడ పగడాన్ని కాల్చి సున్నం చేసేవారు. కప్పు మోసేవి మడ చెట్ల దూలాలు, కోరింగ వైపు పెరిగే మడ అడవుల్లాంటివే అక్కడా దీవుల చుట్టూ ఉన్నాయి. మడ దూలం రెండున్నర మీటర్లు దాటితే బరువు బాగా ఆపలేదు, అందుకే లాము ఇంట్లో ప్రతి గదీ అంతే వెడల్పు, పొడవు మాత్రం ఎంతైనా. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఇల్లంతా అర్థమవుతుంది: సన్నటి పొడుగాటి గదులు ఒకదాని వెనక ఒకటి, ముందుది వెలుతురుగా, వెనక్కి పోయేకొద్దీ చీకటిగా, చల్లగా, ఇంకా ఏకాంతంగా.

వీధి తలుపుకు రెండు వైపులా రాతి అరుగులుంటాయి. దాన్ని డాకా అంటారు. బయటి మగవాళ్లు వస్తే అక్కడే కూర్చోబెట్టి మాట్లాడి పంపేవారు. తలుపు తీసినా లోపలి మనుషులు కనిపించకుండా దారి ఒక మలుపు తిరిగి లోగిలిలోకి వెళ్తుంది. లోగిలి దాటాక పొడుగు గదులు, ఆఖరున ఇంటి ఆడవాళ్ల గది, దాని గోడంతా చెక్కిన గచ్చు గూళ్లు. మన పాత ఇళ్లలో దీపం పెట్టుకునే గూడు గుర్తుందా, అలాంటివి వరసలు వరసలుగా ఉంటాయి, జిదాకా అంటారు. చైనా పింగాణీ పళ్లేలు, గిన్నెలు అందులో పెట్టేవారు. స్నానాల గదిలో నీళ్ల తొట్టి అడుగున కూడా ఒక పింగాణీ గిన్నె పొదిగి ఉంటుంది, తొట్టిలో దోమ పిల్లల్ని తినడానికి చిన్న చేపల్ని వదిలితే నీళ్లు తగ్గినప్పుడు అవి ఆ గిన్నెలో బతికేవి. ఎవరు కనిపెట్టారో గానీ ఎంత తెలివి!

ఇవన్నీ లోపలికి వెళ్లి చూడటానికి స్వాహిలి హౌస్ మ్యూజియం ఉంది, 18వ శతాబ్దపు ఇంటిని బాగుచేసి సామాన్లతో సహా పెట్టారు. చిన్న ఇల్లే, కానీ దాన్ని ముందు చూడండి, ఆ తర్వాత ఊరు తిరిగితే ప్రతి తలుపు వెనకా ఏముందో ఊహించగలరు. తిరిగేటప్పుడు తల పైకెత్తి చూడటం మరచిపోకండి, సందుకి అడ్డంగా రెండు ఇళ్లను కలుపుతూ గాల్లో కట్టిన గదులు కనిపిస్తాయి, వాటిని వికియో అంటారు. ఆడవాళ్లు వీధిలోకి రాకుండానే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లడానికి అవి పనికొచ్చేవి.

మధ్యాహ్నం: మ్యూజియం, తర్వాత లాంగోని

ఎండెక్కాక ఒడ్డునున్న లాము మ్యూజియంలోకి వెళ్లండి, గంటన్నర పెట్టండి. అక్కడ రెండు వస్తువుల దగ్గర ఆగాలి. ఒకటి సివా, మనిషి చేయి కంటే పొడవైన, పక్క నుంచి ఊదే కొమ్ము. పెద్ద కుటుంబాల పెళ్లిళ్లలో, పట్టాభిషేకాల్లో ఊదేవారు, అందరికీ ఆ హక్కు ఉండేది కాదు. రెండోది ఎంటెపె అనే పాతకాలపు ఓడ నమూనా. ఒక్క మేకు లేకుండా పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసేవారు, తెరచాప కూడా అల్లిన చాపే. మన కోరమండల్ తీరంలో అలల్ని తట్టుకోవడానికి వాడిన మసులా పడవల్నీ ఇలాగే తాళ్లతో కుట్టేవారు. ఒకే మహాసముద్రానికి రెండు ఒడ్డుల మీద వడ్రంగులు ఒకే ఉపాయం వాడారన్నది నన్ను చాలాసేపు అక్కడ నిలబెట్టింది. పెద్ద వీధిలో 1888 నుంచి 1891 దాకా నడిచిన జర్మన్ పోస్టాఫీసు కూడా ఒక చిన్న మ్యూజియం, తపాలా బిళ్లలంటే ఇష్టం ఉంటేనే వెళ్లండి.

ఎండ చల్లారాక దక్షిణాన ఉన్న లాంగోని పేటకు నడవండి. గైడ్లు చాలామంది దీన్ని వదిలేస్తారు, మీరు వదలొద్దు. ఎంకొమానీలోని ఆ అందమైన రాతి మేడల వెనక బానిసల శ్రమ ఉంది. ప్రధాన భూభాగం మీద తోటల్లో పనిచేసింది, సంపద పండించింది వాళ్లే. కెన్యా తీరంలో చట్టం బానిసత్వాన్ని రద్దు చేసింది 1907లో. వాళ్లూ, కొత్తగా వచ్చిన పేదలూ రాతి ఊరి అంచున మట్టి గోడలు, కొబ్బరాకు కప్పుల ఇళ్లలో ఉండేవారు. 19వ శతాబ్దం చివర్లో కొమొరో దీవుల నుంచి వచ్చిన హబీబ్ సాలిహ్ అనే మతగురువు వాళ్ల మధ్యే ఇల్లు కట్టుకుని వాళ్ల పిల్లలకు చదువు చెప్పాడు, ప్రార్థనల్లో డప్పుల్ని కూడా రానిచ్చాడు, పాత కుటుంబాల పెద్దలకు అది నచ్చలేదు. ఆయన మొదలుపెట్టిన రియాధా మసీదు ఇప్పుడు తూర్పు ఆఫ్రికాలో పేరున్న మత విద్యా కేంద్రం. లోపలికి వెళ్లాలంటే అనుమతి అడగండి, ప్రార్థన సమయంలో అడగొద్దు, బయట నుంచి చూసినా సరే.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో సంగతి. హబీబ్ సాలిహ్ పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ వాళ్లు. నిజాం సైన్యంలో చేరి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులు కూడా అక్కడి నుంచి వచ్చినవాళ్లే. ఒకే ఎండిన లోయ నుంచి కొందరు ఇటు, కొందరు అటు సముద్రం దాటారు. సాయంత్రం లాంగోనిలో లుంగీల్లాంటి కికోయిలు కట్టుకుని అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లను చూస్తే నాకు బార్కస్ వీధులే గుర్తొచ్చాయి.

తిండి

పొద్దున మహంరి, ఎంబాజి తినండి. మహంరి అంటే ఏలకుల వాసన వేసే, కాస్త తియ్యటి, లోపల గుల్లగా పొంగిన మూడు మూలల పూరీ. ఎంబాజి మరేమిటో కాదు, కందులు! పప్పు చేయకుండా గింజలు గింజలుగానే కొబ్బరిపాలలో ఉడికిస్తారు. శాకాహారులకు దీనికి మించిన భరోసా లేదు. బీన్స్ కూర, తోటకూర లాంటి ఎంచిచా, కొబ్బరిపాల అన్నం, చపాతీ కూడా దొరుకుతాయి. బంగాళాదుంపను పిండిలో ముంచి వేయించిన వియాజి కరాయి సాయంత్రం వీధిలో అమ్ముతారు, మన బజ్జీకి చుట్టమే. చేపలు తినేవాళ్లు కొబ్బరి, చింతపండు పట్టించి కాల్చిన సమాకి వా కుపాకా తప్పకుండా అడగండి. ఉక్వాజు అంటే చల్లటి చింతపండు రసం, ఎండలో ప్రాణం లేచొస్తుంది. కారం మనంత ఉండదు, పచ్చిమిర్చి అడిగితే పెడతారు. మంచినీళ్లు మాత్రం సీసావే తాగండి.

రెండో రోజు: తక్వా, నీళ్లను చూసుకుని

మండా దీవికి అవతలి పక్క, మడ అడవి మధ్య కాలువ చివర తక్వా అనే పట్టణం ఉంది. 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా బతికి, ఆ తర్వాత ఖాళీ అయింది. అక్కడి వాళ్లు నీటికి అటువైపున్న షేలాకి వచ్చి స్థిరపడ్డారని అంటారు. గోడ మీద స్తంభం లేచి ఉన్న పెద్ద మసీదు, 1683 నాటి శాసనం ఉన్న స్తంభ సమాధి, బూరుగు మానుల్లా లావెక్కిన బావొబాబ్ చెట్లు, మనుషులు లేని నిశ్శబ్దం. షేలా వాళ్లు ఇప్పటికీ వానల కోసం ప్రార్థించడానికి ఆ సమాధి దగ్గరకు వస్తారు.

ఆ కాలువలో పోటు ఉన్నప్పుడే పడవ నడుస్తుంది. రెండో ప్రయాణంలో, పౌర్ణమి మర్నాడు, పొద్దున్నే వెళ్లిపోదామని నేనే పట్టుబట్టాను. పడవ పెద్దాయన మధ్యాహ్నం వెళ్దాం అని రెండుసార్లు చెప్పాడు. వినలేదు. కాలువ సగంలో నీళ్లు తగ్గి పడవ బురదలో కూర్చుంది, దోమల మధ్య, నీడ లేకుండా మూడు గంటలకు పైగా ఉన్నాం. మాతో ఉన్న చిన్నపిల్లకు ఎండదెబ్బ తగిలి ఆ సాయంత్రం జ్వరం వచ్చింది. ఆయన తన తాగే నీళ్లు కూడా పాపకే ఇచ్చేశాడు. అప్పటి నుంచి పడవవాళ్లు సమయం చెప్తే నేను మారు మాట్లాడను.

కాబట్టి పద్ధతి ఇది: ముందురోజు సాయంత్రం రేవులో మాట్లాడుకోండి. మొత్తం పడవకా, మనిషికా, భోజనం కలిపా, ఎన్ని గంటలు, తెరచాపా ఇంజనా, అన్నీ అడిగి ధర తేల్చుకోండి, డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. పోటు నిండటానికి రెండు గంటల ముందు కాలువలోకి వెళ్లి, నిండిన తర్వాత గంటలోపు వెనక్కి తిరగండి. టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, దోమల క్రీమ్, తడిసినా పర్వాలేని చెప్పులు తప్పనిసరి.

మూడో రోజు: షేలా లేదా మతొందోని

షేలా దక్షిణాన 3 కిలోమీటర్లు, ఒడ్డు వెంట ముప్పావు గంట నడక. పోటు పూర్తిగా ఉన్నప్పుడు ఆ దారిలో కొంత మునుగుతుంది, అప్పుడు పడవ ఎక్కండి. 19వ శతాబ్దపు శుక్రవారం మసీదు మినార్ ఇసుక దిబ్బల మీద నుంచి తెల్లగా కనిపిస్తుంది. ఆ తర్వాత 12 కిలోమీటర్ల ఖాళీ బీచ్. ఎక్కడా నీడ ఉండదు, దూరం పోయేకొద్దీ మనుషులూ ఉండరు, ఒంటరిగా చివరి దాకా వెళ్లకండి. 1812 యుద్ధం జరిగింది ఈ ఒడ్డునే.

పడవలంటే ఇష్టమైతే షేలా బదులు దీవికి అటువైపున్న మతొందోనికి వెళ్లండి. అక్కడ చెట్ల నీడలో ఇంకా చేత్తోనే పడవలు కడతారు, పలకల మధ్య సందుల్లో నూనెలో నానబెట్టిన దూది కూరడం దగ్గర నుంచి చూడచ్చు. జహాజి అనే పెద్ద పడవ ముందుభాగంలో రెండు పక్కలా చెక్కి రంగు వేసిన కన్ను ఉంటుంది. పేరు విన్నారు కదా, మన జహాజే.

డబ్బు, గైడ్లు

ఒడ్డున ఏటీఎంలు కొన్నే ఉన్నాయి, నైరోబీ నుంచే కెన్యా షిల్లింగులు చిన్న నోట్లుగా తెచ్చుకోండి. నైరోబీలో సిమ్ కొని ఎంపేసా పెట్టుకుంటే మన ఫోన్‌పే లాగే వీధి కొట్టులో కూడా పనిచేస్తుంది. రేవులో దిగగానే కొందరు వెంటపడతారు. నవ్వుతూ "హపానా అసంతె" అని నడవండి. గైడు కావాలంటే మీరు దిగిన ఇంటివాళ్లను అడిగి, గుర్తింపు కార్డున్న మనిషిని ఒక పూటకు పెట్టుకోండి, ఎంకొమానీ ఇళ్ల కోసం, లాంగోని కోసం అని ముందే చెప్పండి. మొదటి గంట మాత్రం ఒంటరిగా తిరగండి. రాత్రిపూట చీకటి సందుల్లో ఆడవాళ్లు ఒక్కరే నడవకుండా ఎవరినైనా తోడు తీసుకోవడం మంచిది.

గాడిదలతో దిగే ఫోటోల కోసం వాటిని ఆపకండి, అవి పనిలో ఉంటాయి. ఒడ్డునే 1987 నుంచి గాడిదల ఆసుపత్రి నడుస్తోంది, ఉచితంగా వైద్యం చేస్తారు. పిల్లల్ని తీసుకెళ్తే అక్కడ కాసేపు ఆగండి, తోచినంత డబ్బు ఇచ్చి రండి.

వెళ్లే రోజు మండాకి పడవ ముందురాత్రే చెప్పుకోండి, స్వాహిలి టైమో మన టైమో మళ్లీ ఒకసారి అడిగి. నీళ్లు వెనక్కి పోయి ఉంటే రేవు మెట్ల దగ్గర నాచు జారుతుంది, చెప్పులు చేతిలో పట్టుకుని దిగండి. ఎల్లో ఫీవర్ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, మన ఎయిర్‌పోర్టులో దిగగానే ముందు అడిగేది అదే.